సముద్రంలో ఉప్పూ, సీసాలో ఉప్పూ

ముందే ఒక మాట చెప్పుకోవాలి. ఈ వ్యాసంలో బోల్తా పడింది నేనే.

2023 జూన్‌లో కాలిఫోర్నియాలో మా అమ్మాయి దగ్గర ఉన్నాను. ఒక శనివారం పొద్దున్నే అల్లుడు కారు తీసి "మామయ్యగారూ, సముద్రం పక్కనే ద్రాక్షతోటలున్నాయి, చూసొద్దాం రండి" అన్నాడు. శాన్ ఫ్రాన్సిస్కోకి ఉత్తరంగా రెండు గంటల పైచిలుకు ప్రయాణం, సొనోమా కౌంటీకి పడమటి అంచు. అక్కడ వైన్ కంపెనీలు తోట దగ్గరే ఒక గది కట్టి, వచ్చినవాళ్ళకి నాలుగైదు రకాలు గుక్కెడు గుక్కెడు పోసి రుచి చూపిస్తాయి. దానికి డబ్బు కూడా తీసుకుంటాయి. ఎంతో చెబితే నా పింఛను మీద మీకు అనుమానం వస్తుంది, వద్దులెండి.

గ్లాసు చేతికిచ్చిన కుర్రాడు మర్యాదస్తుడు. కిటికీలోంచి దూరంగా కనబడే పసిఫిక్ వైపు చెయ్యి చూపించి, ఇది సముద్రపు గాలిలో పెరిగిన ద్రాక్ష అనీ, మింగాక నాలుక చివర కాస్త ఉప్పగా తగులుతుంది గమనించమనీ చెప్పాడు. గమనించాను. తగిలింది. "అవును, ఉప్పగానే ఉంది" అని నలుగురి మధ్యా పైకే అన్నాను. అల్లుడు కూడా తల ఊపాడు. మా అమ్మాయి మాత్రం గ్లాసు కింద పెట్టి, తెలుగులో, "నాన్నా, ఆయన చెప్పకముందు ఉందా ఆ ఉప్పు?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ముప్పయ్యేళ్ళుగా హేతువాద సంఘం సమావేశాల్లో బల్ల గుద్ది మాట్లాడుతున్నవాణ్ణి. ఆ రాత్రి నిద్ర పట్టక పడుకుంటే గుర్తుకొచ్చింది 2006 ఆగస్టు. ముంబయిలో మాహిం దగ్గర సముద్రపు నీళ్ళు తియ్యగా మారాయని పుకారు లేచింది. అక్కడి దర్గా మహిమ అన్నారు. వేలమంది అర్ధరాత్రి పరుగెత్తి, పిల్లలతో సహా ఆ నీళ్ళు తాగారు, సీసాల్లో పట్టుకుపోయారు. తాగొద్దని అధికారులు మొత్తుకున్నారు. జరిగిందల్లా ఏమిటంటే, వానాకాలం వరదకి మీఠీ నది నుంచి వచ్చిన నీళ్ళు సముద్రపు నీటికంటే తేలిక కాబట్టి పైన తేలాయి, ఉప్పు పలచబడింది. పలచబడటం నిజమే. కానీ జనం పలచబడిందని చెప్పలేదు, తియ్యగా ఉందని చెప్పారు. దాని మీద మా సంఘం పత్రికకి నేనొక వ్యాసం రాశాను, చాలా వెటకారంగా. అక్కడ ఉప్పునీళ్ళు తియ్యగా ఉన్నాయన్నారు, ఇక్కడ ఉప్పులేని దాన్ని నేను ఉప్పగా ఉందన్నాను. తేడా ఏమైనా ఉంటే మీరే చెప్పండి.

(వైన్ గురించి రాస్తున్నానంటే తాగమని ప్రచారం చేస్తున్నానని కొందరు మిత్రులు ఉత్తరాలు రాస్తారు. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డప్పుడు నేను వాళ్ళ వైపే ఉన్నాను, ఇప్పుడూ అక్కడే ఉన్నాను. ఇది తాగుడు గురించి కాదు, నాలుక ఎవరి మాట వింటుందన్న సంగతి గురించి.)

మర్నాడు మళ్ళీ అటే తీసుకెళ్ళమన్నాను. ఈసారి తోటలకి కాదు, ఆ తీరంలోనే ఉన్న ఫోర్ట్ రాస్‌కి. కాలిఫోర్నియాలో రష్యావాళ్ళ కోట ఉందంటే మనలో చాలామందికి ఆశ్చర్యమే. 1812లో రష్యన్ అమెరికన్ కంపెనీ దాన్ని కట్టింది. కషాయా అనే ఆదివాసుల నేల అది. రష్యన్లు వచ్చింది రెండు పనుల మీద. ఒకటి సముద్రపు నీటికుక్కల చర్మాలు, అప్పట్లో వాటి ఖరీదు అంతా ఇంతా కాదు. రెండోది అలాస్కాలో ఉన్న తమవాళ్ళకి తిండిగింజలు పండించి పంపడం. ద్రాక్ష కూడా వేశారు. 1817లో పెరూ దేశం నుంచి ఓడలో తెచ్చిన కొమ్మలు అక్కడ నాటారని రికార్డు. అంటే ఇప్పుడు సొనోమా అనే ఆ ప్రాంతంలో, స్పెయిన్ పాదిరీలు తమ మిషన్ కట్టడానికి (1823) ముందే.

రెండో పని సాగలేదు. నీటికుక్కలు కొన్నేళ్ళకే అయిపోయాయి. గోధుమ సరిగ్గా పండలేదు. కారణాల్లో బొరియల్లో ఉండే గోఫర్ అనే ఎలుకజాతి ఒకటైతే, అసలు శత్రువు పొగమంచు. ఎండాకాలంలోనే పొద్దున్నుంచీ కమ్ముకుని ఉండే చల్లటి మంచు. చివరికి 1830లలో వాళ్ళు ఆ మంచు తప్పించుకోడానికి తీరం వదిలి లోపలికి వెళ్ళి పొలాలు పెట్టుకున్నారు. అదీ చాలక 1841లో మొత్తం ఆస్తిని జాన్ సట్టర్ అనే అతనికి అమ్మేసి వెళ్ళిపోయారు.

కోట గోడ పక్కన నిలబడి చూస్తే నాకూ ఆ మంచే కనిపించింది. జూన్ నెల, మధ్యాహ్నం పదకొండు, స్వెట్టర్ వేసుకుని వణుకుతున్నాను. రష్యన్లని తరిమేసిన అదే మంచు బొమ్మ నిన్న నాకు పోసిన సీసా మీద అందంగా అచ్చేసి ఉంది!

శాపం వరంగా ఎలా మారింది? అది చెప్పాలంటే ముందు ఆ మంచు ఎక్కణ్ణుంచి వస్తుందో చెప్పాలి. ఎండాకాలంలో అక్కడ గాలి వాయవ్యం నుంచి తీరం వెంబడి వీస్తుంది. భూమి తిరగడం వల్ల ఆ గాలి తోసిన పైపొర నీరు తీరానికి దూరంగా జరుగుతుంది. ఖాళీ అయిన చోటుకి అడుగు నుంచి చల్లటి నీరు పైకొస్తుంది. అందుకే నడి వేసవిలో కూడా ఒడ్డు దగ్గర నీటి వేడి 10 నుంచి 13 డిగ్రీల సెల్సియస్. మన విశాఖలో దిగినట్టు ప్యాంటు మడిచి దిగాను, రెండు నిమిషాల్లో కాళ్ళు కొంకర్లు పోయాయి. మన బంగాళాఖాతం 28 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది, ఆ లెక్కన అది గోరువెచ్చటి నీళ్ళ తొట్టి. ఆ చల్లటి నీటి మీదుగా వచ్చే తేమగాలి చల్లబడి పొగమంచవుతుంది. ఇటు లోపల, కొండల వెనక, సెంట్రల్ వ్యాలీ అనే పెద్ద మైదానం. అక్కడ వేసవిలో 38, 40 డిగ్రీలు మామూలే. వేడెక్కిన గాలి పైకి లేస్తే ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి కొండల మధ్య సందుల్లోంచి దూరుతుంది. గోల్డెన్ గేట్ అలాంటి సందు. పెటలూమా దగ్గర ఇంకొకటి. (శాన్ ఫ్రాన్సిస్కో ఎండాకాలమంత చలికాలం తాను చూడలేదని మార్క్ ట్వేన్ అన్నట్టు అక్కడ ప్రతివాడూ చెబుతాడు, టీషర్టుల మీద కూడా వేశారు. ఆయన రచనల్లో ఆ మాట ఎక్కడా దొరకలేదు. మన దగ్గర వేమన పేరుతో తిరిగే పద్యాలు గుర్తొచ్చాయి.)

చలి ద్రాక్షని ఏం చేస్తుందో కూడా దాపరికం లేని విషయమే. పండులో మాలిక్ ఆమ్లం అని ఒక పులుపు ఉంటుంది, పచ్చి యాపిల్లో ఉండేది అదే. వేడి ఎక్కువైతే పండు దాన్ని ఖర్చు పెట్టేస్తుంది. చల్లగా ఉంటే పులుపు నిలుస్తుంది, చక్కెర నెమ్మదిగా పెరుగుతుంది. కాబట్టి తీరంలో పండిన ద్రాక్షతో చేసిన వైన్ పుల్లగా, తేలిగ్గా ఉంటుంది. సముద్రం వైన్ మీద ప్రభావం చూపుతుందా అంటే, చూపుతుంది. అందులో నాకు సందేహం లేదు.

దీన్ని కొలతలోకి తెచ్చింది డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఎమరీన్, వింక్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు. 1920 నుంచి 1933 దాకా అమెరికాలో మద్యనిషేధం. అది ఎత్తేశాక ఏ ద్రాక్ష ఎక్కడ వెయ్యాలో చెప్పేవాడు లేడు. వీళ్ళు 1944లో ప్రచురించిన పద్ధతి చూడండి, ఎంత సులువో. ద్రాక్షతీగ 50 డిగ్రీల ఫారన్‌హీట్ కింద పెరగదు. కాబట్టి ఏప్రిల్ నుంచి అక్టోబరు ఆఖరు దాకా రోజూ సగటు వేడి 50కి పైన ఎంత ఉందో చూసి కూడుతూ పోవాలి. ఒకరోజు సగటు 65 అయితే ఆ రోజు ఖాతాలో 15. మొత్తం 2500 లోపు వస్తే ఒకటో ప్రాంతం, అన్నిటికంటే చల్లనిది. 4000 దాటితే అయిదోది. ఇందులో మట్టి మహిమ లేదు, పూర్వీకుల రహస్యం లేదు. థర్మామీటరు, కూడికలు. ఫ్రాన్సువాళ్ళు తమ నేల గురించి కథలు చెబుతుంటే వీళ్ళు లెక్క చెప్పారు. ఈ లెక్కలో లోపాలున్నాయి, గాలినీ ఎండ తీవ్రతనీ పట్టించుకోదు. అయినా నాకు ఈ కథలో అందరికంటే నచ్చింది వీళ్ళే.

ఆ తర్వాత కూడా సముద్రం అంచున వెయ్యడానికి చాలాకాలం ఎవరూ సాహసించలేదు. గొర్రెలు, కలప, అంతే. 1970లలో ఒకరిద్దరు మొదలుపెట్టారు. 1980లో డేవిడ్ హర్ష్ అనే ఆయన ఫోర్ట్ రాస్‌కి దగ్గర్లో ఒక గొర్రెల బీడులో పినో న్వార్ వేశాడు. మంచి పేరొచ్చింది. పేరు వచ్చాక ధర, ధర వచ్చాక పేరు మీద పోట్లాట.

1987లో అమెరికా ప్రభుత్వం 'సొనోమా కోస్ట్' అనే పేరుకి హద్దులు గీసింది. సుమారు 5 లక్షల ఎకరాలు. సముద్రం కంటికి కనబడని చోట్లు కూడా అందులో బోలెడు, దాదాపు నాపా కౌంటీ హద్దు దాకా. కంపెనీల సౌకర్యం కోసం అలా సాగదీశారని అక్కడివాళ్ళే విమర్శించారు. తర్వాత అసలు సముద్రం పక్కనున్నవాళ్ళు మేం వేరని విడిగా పేర్లు తెచ్చుకున్నారు. 2012లో ఫోర్ట్ రాస్ సీవ్యూ, 2022లో వెస్ట్ సొనోమా కోస్ట్. మధ్యలో 2017 చివర పెటలూమా గ్యాప్ అనే పేరుకి అనుమతి వచ్చింది, దానికి ఆధారం మట్టి కాదు, గాలి.

ఇందులో తమాషా ఫోర్ట్ రాస్ సీవ్యూది. దాని హద్దు తీరం నుంచి ఇన్ని మైళ్ళు అని కాదు, సముద్రమట్టానికి 920 అడుగుల పైన అని. ఎందుకంటే పొగమంచు పొర సాధారణంగా దానికి కిందే ఆగిపోతుంది. మంచులో మునిగితే ద్రాక్ష పండదు, పైన ఎండ తగిలితేనే పండుతుంది. అంటే రష్యన్లు చెప్పిందే రైటు! మంచు బొమ్మ వేసి అమ్మే సీసాలోని ద్రాక్ష మంచుకి అందకుండా పైన పెరిగింది.

ఇక ఉప్పు సంగతికి వస్తాను. సముద్రపు నీటిలో లీటరుకి 35 గ్రాముల ఉప్పు. తుంపరతో లేచే ఉప్పులో ఎక్కువ భాగం ఒడ్డు దగ్గరే రాలిపోతుంది. మామూలు వైన్‌లో సోడియం లీటరుకి కొన్ని పదుల మిల్లీగ్రాములు. మంచినీళ్ళలో ఉప్పు ఉందని చాలామంది పోల్చుకోవాలంటే లీటరుకి గ్రాముకి అటూ ఇటూగా పడాలి. దూరం చాలా ఉంది. నిజంగా ఉప్పెక్కిన వైన్ లేకపోలేదు. ఆస్ట్రేలియాలో ఉప్పునీటితో సాగు చేసిన తోటల్లో ఆ బెడద ఉంది, అందుకే అక్కడి చట్టం లీటరుకి 1 గ్రాము దాటకూడదని పరిమితి పెట్టింది. అంటే నిజంగా ఉప్పుంటే అది దోషం. లేని ఉప్పు మాత్రం గొప్ప. రాతినేలలో పెరిగిన వైన్‌లో రాతి రుచి వస్తుందన్న మాట కూడా ఈ కోవలోదే. అలెక్స్ మాల్ట్‌మన్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఏళ్ళ తరబడి దాన్ని ఖండిస్తూ వస్తున్నాడు.

మరి రుచి చూడటమే వృత్తిగా ఉన్నవాళ్ళకి తెలియదా? మూడు సంఘటనలు చెబుతాను.

1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే వైన్ వ్యాపారి, లేబుళ్ళు దాచి ఫ్రాన్సు వైన్లనీ కాలిఫోర్నియా వైన్లనీ పోటీ పెట్టాడు. మార్కులు లెక్కలోకి తీసుకున్న తొమ్మిదిమందీ ఫ్రెంచి ఉద్దండులే. తెలుపులోనూ ఎరుపులోనూ మొదటి స్థానం కాలిఫోర్నియాకి వచ్చింది. వాళ్ళలో ఒకాయన కాలిఫోర్నియా తెల్ల వైన్ తాగి, హమ్మయ్య మళ్ళీ ఫ్రాన్సుకి వచ్చాం అన్న అర్థంలో మాట్లాడినట్టు అక్కడున్న ఒకే ఒక్క విలేఖరి రాశాడు. గెలిచిన తెల్ల వైన్‌ని నాపా గెలుపుగా చెప్పుకుంటారు గానీ అందులో చాలాభాగం ద్రాక్ష పక్కనున్న సొనోమాది. ఊరి పేరు నాలుకకి తెలుస్తుందనేవాళ్ళు ఈ రోజుని తలుచుకోవడానికి ఇష్టపడరు.

2001లో బోర్డో విశ్వవిద్యాలయంలో వైన్ తయారీ చదివే 54 మంది విద్యార్థులకి తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇచ్చారు. వాళ్ళు ఎర్ర వైన్‌కి వాడే మాటలతోనే దాని వాసన వర్ణించారు. కన్ను చెప్పింది, ముక్కు విన్నది.

మూడోది నాకు బాగా దగ్గరిది. రాబర్ట్ హాడ్జ్‌సన్ అనే ఆయన హంబోల్ట్ స్టేట్ విశ్వవిద్యాలయంలో సముద్రశాస్త్రం బోధించిన ఆచార్యుడు. ఇదే తీరంలో ఇంకా ఉత్తరాన చిన్న వైనరీ కూడా ఉంది. తన సీసాకి ఒక పోటీలో బంగారు పతకం, ఇంకో పోటీలో సున్నా రావడం చూసి, నాకెందుకిచ్చావు, ఎందుకివ్వలేదు అని గొడవ పడలేదు. న్యాయనిర్ణేతలనే పరీక్ష పెడదామన్నాడు. 2005 నుంచి కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్ పోటీలో, వాళ్ళకి తెలియకుండా, ఒకే సీసాలోది మూడు గ్లాసుల్లో మిగతావాటి మధ్య కలిపి ఇప్పించాడు. 2008లో ఫలితాలు అచ్చయ్యాయి. మామూలు నిర్ణేత ఒకే వైన్‌కి వేసిన మార్కులు నాలుగు అటూ నాలుగు ఇటూ ఊగాయి. ఒకే పతకం స్థాయిలో నిలబడ్డవాళ్ళు పదిమందిలో ఒకరు. పదిమందిలో ఇంకొకరు అదే సీసాకి ఒకసారి కంచు, ఒకసారి బంగారం ఇచ్చారు. ఒక ఏడాది నిలకడగా ఉన్నవాళ్ళు మరుసటి ఏడాది లేరు. ఈ పరీక్షని పోటీ నిర్వాహకులే జరగనిచ్చారు, అది వాళ్ళ గొప్ప. మన జ్యోతిష్య మహాసభల్లో ఎవరైనా ఒకే జాతకాన్ని మూడు పేర్లతో ఇవ్వనిస్తారా?

ఇంతా చదివాక ఇంట్లో ఊరుకోలేకపోయాను. రెండు సీసాలు కొన్నాం, రెండూ షార్డొనే ద్రాక్షవే. ఒకటి ఆ తీరానిది, ఇంకొకటి సెంట్రల్ వ్యాలీ ఎండలో పండింది. ఫ్రిజ్‌లో ఒకే చోట పెట్టాం. రంగు కనబడకుండా మా అమ్మాయి ఇంట్లోని స్టీలు గ్లాసులు పెట్టింది (వైన్ రసికులు క్షమించాలి). ప్రతిసారీ మూడు గ్లాసులు, రెండింట్లో ఒకటే వైన్, మూడోదాంట్లో వేరేది. వేరేది ఏదో చెప్పాలి, ఉప్పగా ఉన్నది ఏదో కూడా చెప్పాలి. పోసేది అమ్మాయి వంటింట్లో, తెచ్చి పెట్టేది ఏమీ తెలియని మనవరాలు. మింగకుండా ఉమ్మేశాం. ఆరుసార్లు.

వేరే గ్లాసుని నేను ఆరింట్లో అయిదుసార్లు సరిగ్గా పట్టాను. గుడ్డిగా చెబితే అయిదో ఆరో ఒప్పయ్యే అవకాశం వందకి రెండు కంటే తక్కువ. అంటే తేడా ఉంది, నా నాలుకకి తెలిసింది. తీరానిది పులుపు, అంతే. అల్లుడికి మూడు వచ్చాయి, దాన్ని బట్టి ఏమీ చెప్పలేం. ఇక ఉప్పు? నేను ఉప్పగా ఉందన్న గ్లాసుల్లో తీరానిది రెండుసార్లు, ఎండ మైదానానిది మూడుసార్లు. ఒకసారి చెప్పలేకపోయాను. ఒక మనిషి, ఆరుసార్లు, ఇది పరిశోధన కాదని నాకు తెలుసు.

ఏడోసారి మా అమ్మాయి తనే గ్లాసులు తెచ్చి, "నాన్నా, ఈ చివరిది సముద్రానిది, బాగా చూడు" అంది. చూశాను. "ఇదుగో, ఇందులో తెలుస్తోంది కొంచెం" అన్నాను. మూడింట్లోనూ మైదానం వైనే పోసింది.

గాలిలోంచి రుచి రావడం అసాధ్యమని మాత్రం అనను. ఆస్ట్రేలియాలో కొన్ని ఎర్ర వైన్లలో నీలగిరి తైలం వాసన వస్తుందనేవారు. అదీ కథే అనుకోవచ్చు. కానీ 2012లో అక్కడి వైన్ పరిశోధకులు కొలిచి చూస్తే, తోట పక్కన యూకలిప్టస్ చెట్లకి దగ్గరగా ఉన్న వరసల్లోనే ఆ తైలంలోని సినియోల్ అనే పదార్థం ఎక్కువ, దూరం పెరిగేకొద్దీ తక్కువ. రాలిన ఆకులు ద్రాక్షగుత్తుల్లో ఇరుక్కుని తొట్టిలోకి పోవడం ముఖ్య కారణం. 2020లో కాలిఫోర్నియా అడవులు తగలబడినప్పుడు పొగలోని పదార్థాలు పండులోకి చేరాయి, ఎంతో పంట కొయ్యకుండా వదిలేశారు. యంత్రంలో పెడితే ఆ పదార్థం పేరూ పరిమాణమూ బయటపడతాయి. సముద్రపు ఉప్పు గురించి ఎవరైనా అలాంటిది చూపిస్తే నా మాట వెనక్కి తీసుకుంటాను.

తిరిగి వచ్చేముందు ఇంకోసారి ఆ రుచి చూపించే గదికి వెళ్ళాం. అదే కుర్రాడు. గొడవకి కాదు, ఊరికే అడిగాను, ఉప్పు సంగతి మీకెవరు చెప్పారని. పనిలో చేరినప్పుడు చెప్పారనీ, తనకీ మొదటి రోజు తెలియలేదనీ, రెండో వారం నుంచి తెలుస్తోందనీ నిజాయితీగా చెప్పాడు. అతను అబద్ధమాడటం లేదు. మాహింలో నీళ్ళు తాగినవాళ్ళూ ఆడలేదు.

ఇంటికొచ్చాక ఆ పాత వ్యాసం తీసి చదివాను. అందులో ఒకచోట "వెర్రి జనం" అని ఉంది. ఆ మాట కొట్టేశాను. మీఠీ నది, వరద, తేలిక నీరు, ఆ భాగమంతా అలాగే ఉంచాను. ఆ నీళ్ళు మురికినీళ్ళే.